దేనితో పోయారని అడిగే అక్క

మొన్న పీర్జాదిగూడలో మా అపార్ట్‌మెంట్ పక్కన కొత్తగా తెరిచిన రక్తపరీక్షల సెంటరుకి వెళితే, కౌంటర్లో అమ్మాయి ఒక కాగితం ఇచ్చి నింపమంది. పేరు, వయసు, షుగరుందా, బీపీ ఉందా. అన్నిటికంటే కింద ఇంకో గడి: తల్లిదండ్రులు మరణించి ఉంటే, కారణం. నేను పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయాను. నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమ్మగిల్లాయి. ఇదే ప్రశ్న అడుగుతుందని నాచారంలో ఒక మనిషిని చుట్టాలు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు.

ఆవిడ పేరు రాయను. వీధంతా అక్క అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. ఎనభైల చివర్లో మేము నాచారంలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మాది తెనాలి వైపు. ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. శాస్త్రవేత్తలు చూసొచ్చిన భూమి పొరలన్నీ నేను చూడకుండానే గీసేవాణ్ణి. అక్క మా వీధి చివర ఒంటరిగా ఉండేది. నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. బెల్టు మీద పోయే మాత్రల స్ట్రిప్పుల్లో ఎక్కడైనా ఒక గుంట ఖాళీగా ఉంటే పట్టుకుని పక్కన పడెయ్యడం ఆవిడ పని.

మా ఆవిడకి కుళాయి దగ్గర పరిచయం. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. తెల్లచీర, చంకలో బైబిలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతిలో ఉండగానే మొదలుపెట్టింది.

“మీ నాయిన ఉన్నడా తమ్మీ?”

“లేరండీ. పోయి నాలుగేళ్ళయింది.”

“దేంతోని పోయిండు?”

“గుండె ఆగిపోయింది.”

“అందరికీ ఆఖర్ల ఆగేది అదే. దానికంటె ముందుగాల ఏమైంది?”

మా ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. నేను తడబడుతూ ఆయాసమనీ, కాళ్ళ వాపనీ చెప్పాను. అక్క శ్రద్ధగా విని, “సరే, నీకు ఫికర్ లేదు తియ్,” అని అప్పుడు కూర్చుంది, మంచినీళ్ళు అప్పుడు తాగింది.

ఆవిడ అలా తయారవడానికి కారణం వాళ్ళ పెద్దన్న. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నెత్తురు పడుతోందని చెప్పుకోవడానికి సిగ్గుపడి, గోడల మీద ‘బవాసీర్’ అని రంగుతో రాసుంటాయే, అలాంటి మొలల వైద్యుడి దగ్గర రెండేళ్ళు పొట్లాలు మింగాడు. పెద్ద దవాఖానాకు చేర్చేసరికి పేగు క్యాన్సరు కాలేయం దాకా పాకింది. నలభై మూడేళ్ళకే పోయాడు. అక్కడి డాక్టరమ్మ అక్కని కూర్చోబెట్టి, మీ నాన్న దేనితో పోయాడు, తాత దేనితో పోయాడు అని అడిగింది. నాన్న కడుపునొప్పితో మంచం పట్టాడని తప్ప అక్కకి ఏమీ తెలియదు. ఒకే కుటుంబంలో రెండు తరాల్లో ముగ్గురికి ఈ జబ్బు వచ్చి, అందులో ఒకరికి యాభై లోపే వచ్చిందంటే అది నెత్తురు వెంట వస్తున్నట్టేననీ, మిగతా వాళ్ళందరినీ గొట్టం వేసి చూడాలనీ, చిన్న బుడిపెగా ఉన్నప్పుడే దొరికితే తీసెయ్యొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. తండ్రికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ బొమ్మా బొరుసేనట.

అక్క ఇంటికొచ్చి బైబిలు తీసింది. పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య కుటుంబం వివరాలు రాసుకునే పేజీ ఉంటుంది. తాత కాలం నుంచీ పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ అందులో ఉన్నాయి. ప్రతి చావు దగ్గరా ఒకే మాట: ప్రభువునందు నిద్రించెను.

“అందరు నిద్ర పోయిన్రు తమ్మీ,” అంది నాతో. “లేస్తరని నేను గూడ నమ్ముతున్న. కని ఎట్ల పండుకున్నరో ఒక్కడన్న రాయొద్దా?”

అప్పట్నుంచీ ప్యాసింజరు రైలెక్కి జనగామ వైపు పల్లెలన్నీ తిరిగింది. మేనత్త కొడుకులు, చిన్నతాత మనవలు, తొంభై ఏళ్ళ ముసలమ్మలు, ఎవరినీ వదల్లేదు. ‘కడుపు గట్టిపడె’, ‘నెత్తురు పోయె’, ‘చేతబడి జేసిన్రు’ అని వాళ్ళు చెప్పినవన్నీ మాత్రల డబ్బా అట్టల వెనక రాసుకొచ్చింది. ఆవిడ వస్తోందంటే చుట్టాలు తలుపులేసుకునేవాళ్ళు. చావు దినానికి వెళ్ళి ఎలా పోయాడని అడిగితే ఓర్చుకున్నారు గానీ, పెళ్ళిలో పెళ్ళికొడుకు తాతని పట్టుకుని, మీ నాన్న దేనితో పోయాడని అడిగిందట. అక్కడితో పిలుపులు ఆగిపోయాయి. నాచారం బస్టాపులో ఒక మొలల డాక్టరు పోస్టరు ఉండేది. వచ్చేటప్పుడో అంచు, పోయేటప్పుడో అంచు పీకేది. నెలకల్లా అది గోడ మీంచి పూర్తిగా పోయింది. ఆ డాక్టరు కొత్తది అతికిస్తే మళ్ళీ మొదలుపెట్టింది.

నా దగ్గరకు వచ్చింది పటం గీయించుకోవడానికి. డాక్టరమ్మ చిన్న కాగితం మీద పద్ధతి రాసిచ్చింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్న, జబ్బు వచ్చినవాళ్ళకి నలుపు నింపాలి, పోయినవాళ్ళకి అడ్డగీత. నేను నా వృత్తి ధర్మం ఒకటి చెప్పాను. తేలింది ఇంకుతో గీస్తాం, తేలనిది పెన్సిల్‌తో ఉంచుతాం. ఆవిడకి అది ఎంతో నచ్చింది. ఎవరైనా చుట్టాన్ని బతిమాలి దవాఖానాకు తీసుకెళ్ళి ఏమీ లేదనిపించుకుంటే, ఆ సాయంత్రమే మా ఇంటి ముందు ప్రత్యక్షం. “తమ్మీ, కాజీపేట పిలగాడు తేలిండు. ఇంకెయ్యి.” వాళ్ళ చిన్నన్న, నాచారంలోనే ఉండేవాడు, ఆయన్ని ఆరు నెలలు పోరి తీసుకెళ్ళింది. ఆయనకూ ఏమీ లేదు. తనకూ లేదు, కానీ ఏటేటా చూపించుకోవాలన్నారు. ట్రేసింగ్ కాగితం ఆఫీసుది. ఆ పాపం ప్రభుత్వం క్షమించుగాక.

అక్క సున్న కింద గీత లేదు. గీస్తూ అక్కడ నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

“నా కింద ఏం లేదు తియ్. నీకు పని తక్కువ,” అంది.

ఇంకో ఆదివారం మధ్యాహ్నం బైబిలు పేజీ నుంచి తారీఖులు ఎక్కించుకుంటున్నాను. అక్క తరం దగ్గర, ఆవిడ పేరు తర్వాత, కాగితం కొంచెం గరుగ్గా తగిలింది. మా పనిలో ఇంకు తప్పు పోతే సగం బ్లేడుతో గీకుతాం. గీకిన చోటు ఎంత నునుపు చేసినా వేలికి తెలిసిపోతుంది. పేజీని కిటికీ వెలుగుకి పట్టాను. ఒక పేరు పొడవున కాగితం పల్చబడి ఉంది.

“ఇక్కడ ఎవరో ఉన్నారక్కా.”

“ఎవలు లేరు.”

“గీకేశారు. నాకు తెలుస్తుంది.”

అక్క బైబిలు మూసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు కనపడలేదు. నాలుగో రోజు డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

“అది నా చెల్లె. పదిహేడేండ్ల కింద, హిందువుల పిలగాన్ని చేసుకొని పోయింది. నాయిన గడ్డం బ్లేడుతోని పేరు గీకిండు. బ్లేడు అందిచ్చింది నేనే. దాని తర్వాత నాకు ఒక్క సంబంధం రాలే. నాకు గూడ మస్తు కోపముండె తమ్మీ.”

“ఇప్పుడు ఎక్కడుంది?”

“ఉప్పల్ల. బస్టాండు ఎనుక. ఆయినకు సైకిల్ షాపున్నది.”

నాచారం నుంచి ఉప్పల్ సైకిలు మీద పావుగంట. బస్సులో రెండు మూడుసార్లు ఎదురుపడి, ఇద్దరూ తల తిప్పుకున్నారట. జనగామ అవతలి పల్లెల్లో మూడు తరాల చుట్టాలను వెతికి పట్టుకున్న మనిషి, సొంత చెల్లెల్ని పటంలో వెయ్యనే లేదు.

“స్ట్రిప్పుల ఒక్క గుంట ఖాళీ ఉంటే నా కండ్లకు చిక్కకపోదు,” అంది. “ఇంట్ల గుంట మాత్రం నేనే చేసిన.”

ఆ ఆదివారం చర్చి అవగానే ఉప్పల్ వెళ్ళింది. చెల్లెలు తలుపు సగం తీసి, విషయం మొత్తం విని, ఒకటే మాట అందట. “బతుకుకు నేను మీకు లేకపోతి. ఇయ్యాల రోగానికి చుట్టమైన్నా?” తలుపు వేసుకుంది. అక్క మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చుని వచ్చేసింది. మళ్ళీ వారం వెళ్ళి కూర్చుంది. పై వారమూ అంతే. మా ఆవిడ కోప్పడితే, “అది తలుపు తీయకపోయినా నా దగ్గు ఇనవడుతది గదా,” అనేది. నాలుగో వారం చెల్లెలి భర్త చాయ్ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, “ఎండ కొడుతున్నది, జర ఇటు జరుగు వదినె,” అన్నాడట. అంత పెద్ద కుటుంబంలో ఆ వరస ముందు కలిపినవాడు ఆయనే. అక్క ఆ మాట మాకు నాలుగుసార్లు చెప్పింది.

ఏడో వారం చెల్లెలే బయటికొచ్చింది. “ఏ దవాఖానా? ఏ దినం? నాకు పిల్లలున్నరు, అందుకొస్త. నాతోని మాట్లాడొద్దు.”

ఇద్దరికీ ఒకే రోజు పరీక్షకి తారీఖు రాయించింది అక్క. అప్పట్లో ఆ పరీక్షకి ముందు రోజంతా గంజినీళ్ళే. పొద్దున దవాఖానాలో బెంచీ మీద కూర్చోబెట్టి రెండు లీటర్ల మందునీళ్ళు తాగిస్తారు. ఉప్పు ఉప్పుగా, జిగటగా, వాంతి వచ్చేలా ఉంటుంది. తర్వాత పరుగులే పరుగులు, ఉన్నది ఒక్క మరుగుదొడ్డి. ఆ బెంచీకి చెరో చివర అక్కాచెల్లెళ్ళు. గ్లాసు ఎత్తినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, మూతి తిప్పుకోవడం. ఒకసారి ఇద్దరూ ఒకేసారి లేచారట. అక్క ఆగి దారిచ్చింది. “పెద్దదాన్ని గదా తమ్మీ, ఓర్సుకున్న,” అని చెప్పి నవ్వింది. ఆవిడ అంతలా నవ్వగా నేను మరెప్పుడూ చూడలేదు.

అక్కకి ఏమీ లేదు. చెల్లెలికి కుడివైపు పేగులో కాయ దొరికింది. ఇంకా గోడ దాటలేదు. అంతమేర కోసి అతికారు. ఇంకో ఏడాది ఆగుంటే మీ అన్న దారేనని డాక్టరమ్మ అందట. దవాఖానాలో ఉన్నన్ని రోజులూ అక్క డ్యూటీ దిగి క్యారియరు తీసుకెళ్ళి వార్డు బయట ఇచ్చి వచ్చేది. చెల్లెలు తినేది. మాట్లాడేది కాదు.

పటంలో ఒక సున్న నల్లగా నింపాను. దాని కింద ఇద్దరు పిల్లలు, పెద్దయ్యాక చూపించాల్సినవాళ్ళు, పెన్సిల్‌లో. తర్వాత అక్క బైబిలు నా ముందు పెట్టి, గీకిన చోట చెల్లెలి పేరు రాయమంది. గీకిన కాగితం మీద ఇంకు పీల్చుకుంటుందని చెప్పాను. అయినా రాయమంది. గోరుతో రుద్ది నునుపు చేసి రాశాను. అక్షరాలు ఊరి లావయ్యాయి. ఆ పేజీలో అన్నిటికంటే ముందు కంటపడే పేరు అదే అయింది.

క్రిస్మస్‌కి చిన్నన్న ఇంట్లో కుటుంబ ప్రార్థన. బైబిలు తెరిచిన చిన్నన్న ఆ పేరు చూశాడు. “నాయిన చెరిపింది రాయనీకి నువ్వెవలు?” అన్నాడు. పెళ్ళికెదిగిన కూతురుంది, ఈ పటం సంగతి బయటికి పోతే ఎవడు చేసుకుంటాడన్నాడు. బైబిలు అక్క చేతిలో పెట్టి, మళ్ళీ మా గడప తొక్కొద్దన్నాడు. ఆయన ప్రాణం కోసం ఆరు నెలలు పోరిన మనిషి ఆ పండగ పూట మా ఇంట్లో వంకాయ కూరతో అన్నం తింది. కూర బాగుందని మాత్రం అంది.

ఇక అక్కకి మిగిలిన చుట్టరికం ఏడాదికి ఒక్క రోజు. పరీక్ష రోజు. ఉప్పల్‌లో చెల్లెలు బస్సెక్కి ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చునేది. అక్క అదే బస్సెక్కి, ముందు ఖాళీలున్నా, మగవాళ్ళ సీట్లు మొదలయ్యే చోట కిటికీ పక్కన కూర్చునేది. అక్కణ్ణుంచి చెల్లెలి జడ కనిపిస్తుందట. దవాఖానాలో అదే బెంచీ, అవే నీళ్ళు. సాయంత్రం నీరసంగా మా ఇంటికొస్తే మా ఆవిడ పెరుగన్నం కలిపి పెట్టేది. ప్రతి ఏడూ ఒకటే మాట.

“దానికి ఏం లేదు తమ్మీ, సాఫ్. కని ఈసారి గూడ అక్కా అని పిలువలే.”

తొంభైల నడుమ డాక్టరమ్మ ఆ కుటుంబం నెత్తురు విదేశంలో ఏదో ల్యాబుకి పంపింది. చాలాకాలానికి జవాబొచ్చింది. జన్యువులో ఫలానా చోట లోపం ఉందని తేలింది. చెల్లెలికి ఉంది. అక్కకి లేదు. ఇక నీకు గొట్టం అక్కర్లేదు, హాయిగా ఉండమన్నారు. నేను సంతోషంగా ఇంకు సీసా మూత తీశాను.

“నాది ఇంకెయ్యకు,” అంది అక్క.

“తేలింది కదక్కా.”

“తేలనియ్యి. పెన్సిల్ల ఉండని. నాకు అక్కర లేదని తెలిస్తే, ఇగ నేను ఏం మొకం పెట్టుకొని దాని ఎంబడి పోవాలె? నేను పోకుంటే అది గూడ పోతదో పోదో.”

నర్సమ్మని బతిమాలి ఏర్పాటు చేసుకుంది. చెల్లెలి తారీఖు రోజు అక్కా వెళ్ళేది. బెంచీ మీద కూర్చుని రెండు లీటర్లూ తాగేది. నర్సమ్మ పేరు పిలిస్తే పరదా వెనక్కి వెళ్ళి కాసేపు స్టూలు మీద కూర్చుని వచ్చేది. ఉత్త నీళ్ళు తాగొచ్చు కదా అన్నాను ఒకసారి, కోపంగానే.

“అది నా మొకం సూస్తది తమ్మీ. ఉత్త నీళ్ళు తాగితే మొకం గట్ల గాదు.”

అలా మూడేళ్ళు. ఈ సంగతి నేనొక్కసారి ఉప్పల్ వెళ్ళి ఆ చెల్లెలికి చెప్పి ఉండాల్సింది. మన కుటుంబం కాదు కదా అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

అక్క డ్యూటీలో ఉండగానే పోయింది. బెల్టు ముందు కూర్చుని అలాగే ఒరిగిందట. దేనితో అని నేను గట్టిగా అడిగి తెలుసుకున్నాను. అడగకపోతే ఆవిడ ఊరుకోదు. గుండె, దానికి ముందు రెండు నెలలుగా ఎడమ చెయ్యి లాగడం. సమాధుల తోటలో చిన్నన్న, చర్చివాళ్ళు, కంపెనీ ఆడవాళ్ళు ఓ పదిమంది. గేటు దగ్గర గోడకి ఆనుకుని బొట్టు పెట్టుకున్న ఆవిడ ఒకరు నిలబడింది. మట్టి వేసేటప్పుడు కూడా లోపలికి రాలేదు. అక్క చెప్పిన పోలికలతో పోల్చుకుని దగ్గరికెళ్ళాను.

“పటం గీసే తమ్ముడివి నువ్వేనా?” అంది.

తలూపాను. ఇప్పుడైనా చెప్పాలని నోరు తెరిచాను.

“ఆమెకు నెత్తుర్ల ఏం లేదని చెప్తవా?” అంది. “నాకెరుకే. మొదటేడే ఆ నర్సమ్మ చెప్పింది.”

“మరి తెలుసని ఒక్క మాట అనలేదేం?”

“అంటె ఆమె మల్ల రాకపోతుండె గదా.”

మట్టి పూడ్చడం అయిపోయింది. చిన్నన్న మమ్మల్ని దాటుకుని, ఆమెను చూడనట్టే వెళ్ళిపోయాడు.

“వచ్చే నెల నా తారీఖున్నది,” అంది చివరికి. “ఇగ పోబుద్ధి అయితలేదు.”

ఏ తారీఖో అడిగి తెలుసుకున్నాను.

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి ఉప్పల్ బస్టాండులో నిలబడ్డాను. ఆమె వచ్చింది. నన్ను చూసి ఆగింది, తర్వాత బస్సెక్కి ముందు కూర్చుంది. నేను మగవాళ్ళ సీట్లు మొదలయ్యే చోట కిటికీ పక్కన కూర్చున్నాను. జడ నిజంగానే కనిపిస్తుంది. సగం నెరిసింది.

దవాఖానాలో ఆమె బెంచీకి ఒక చివర, నేను రెండో చివర. నర్సమ్మ మందునీళ్ళ జగ్గు తెచ్చి, అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పెట్టింది. తర్వాత నన్ను చూసి, “ఈయన ఎవరమ్మా? మీతో వచ్చారా?” అంది.

చెల్లెలు గ్లాసు నింపుకుంది. నా వైపు చూడలేదు.

“మా అక్క పంపింది,” అన్నది.

ఆ ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగిన మనిషి మట్టిలోకి వెళ్ళి అప్పటికి నెల రోజులు.